మ్యూజియం సొరుగు కోసం ఒక ప్రాణం: తగువు ఎక్కడిదాకా వచ్చింది?

2015లో పసిఫిక్ మహాసముద్రంలోని సాలమన్ దీవుల్లో, గ్వాడల్‌కెనాల్ కొండ అడవిలో పరిశోధకులు కట్టిన వలలో మీసాల లకుముకి ఒకటి పడింది. న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీకి చెందిన క్రిస్టఫర్ ఫిలార్డీ ఆ బృందానికి నాయకుడు. ఆ ద్వీపపు రకానికి సంబంధించి అప్పటికి మ్యూజియాల్లో ఉన్నవి మూడు ఆడపక్షుల చర్మాలే. మగపక్షి ఫొటో ఎవరి దగ్గరా లేదు. నీలం, నారింజ రంగుల్లో మెరిసిపోతున్న ఆ మగపక్షి ఫొటోలు లోకమంతా తిరిగాయి. దాన్ని నమూనాగా చంపి భద్రపరిచారన్న కబురు కూడా వెన్నంటే తిరిగింది. దానిపై వచ్చిన తిట్లకు ఫిలార్డీ బహిరంగంగా సమాధానం రాశాడు: అక్కడ ఆ పక్షులు నాలుగు వేలకు పైగా ఉంటాయని తమ అంచనా అని, స్థానికులకు అది కొత్త పక్షేమీ కాదని, ఒక్క నమూనాతో ఆ జాతికి వచ్చే ముప్పు లేదని. చాలామందికి ఆ జవాబు రుచించలేదు. జంతు ప్రేమికులే కాదు, కొందరు శాస్త్రవేత్తలు కూడా ఆయనతో ఏకీభవించలేదు.

ఈ తగువు ఒక్క పక్షితో మొదలైంది కాదు, దానితో ముగిసిందీ లేదు. ప్రకృతి చరిత్ర మ్యూజియాలు ఈనాటికీ ప్రాణుల్ని చంపి నమూనాలు సేకరించాలా? ఫొటో, కూత రికార్డు, ఈక, రక్తపు చుక్క ఉంటే చాలదా? ఇరవై ముప్పై ఏళ్లుగా ఈ వాదంలో చట్టం, నీతి, వలసపాలన చరిత్ర, జన్యుశాస్త్రం అన్నీ పెనవేసుకుపోయి, ఎవరు దేనికి జవాబు చెబుతున్నారో తెలియని స్థితి వచ్చింది. ఆ చిక్కును విడదీసి చూడటమే ఈ సమీక్ష పని. ఇందులో ఒక అభిప్రాయం కూడా ఉంది, దాన్ని దాచడం లేదు: వాదమంతా ప్రాణం తీసే ఆ క్షణం చుట్టూనే తిరుగుతోంది. నమూనా విలువ తేలేది మాత్రం ఆ తర్వాతి వందేళ్లలో. అందుకే సేకరించే అర్హతను దాచే సత్తాతో కొలవాలి.

తుపాకీ కాలం

పంతొమ్మిదో శతాబ్దపు పక్షి శాస్త్రవేత్త చేతిలో బైనాక్యులర్ లేదు, తుపాకీ ఉంది. చెట్టు కొమ్మన ఉన్నది ఏ పక్షో తేల్చాలంటే దాన్ని కిందికి దించాల్సిందే. అప్పటి పద్ధతి అది. చర్మం ఒలిచి, లోపల పత్తి కూరి, కాలికి చీటీ కట్టేవారు. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు అన్న వివరాలు ఆ చీటీ మీద ఉండేవి. మన దేశంలో ఈ పనిని ఎ.ఓ. హ్యూమ్ చేసినంత పెద్ద ఎత్తున ఇంకెవరూ చేయలేదు. కాంగ్రెస్ స్థాపకుల్లో ఒకడిగానే ఆయన మనకు గుర్తు. కాంగ్రెస్ పుట్టిన 1885లోనే ఆయన సిమ్లాలోని తన ఇంటి నుంచి చర్మాలు, గుడ్లు కలిపి సుమారు 82 వేల నమూనాలను బ్రిటిష్ మ్యూజియానికి ఇచ్చేశాడు. వాటిని సర్ది పంపడానికి లండన్ నుంచి ఆర్. బౌడ్లర్ షార్ప్ స్వయంగా వచ్చాడు. ఇచ్చేయడానికి కారణం ఉంది. ఏళ్ల తరబడి రాసుకున్న ఆయన రాతప్రతులు సిమ్లా బజారులో చిత్తు కాగితాల కింద అమ్ముడుపోయాయి. ఆ దెబ్బకు పక్షుల మీదే ఆయనకు ఆసక్తి పోయింది. కాగితాలు పోతే చర్మాలు ఎంత మూగవైపోతాయో ఆయనకన్నా బాగా తెలిసినవారు లేరు.

ఈ తుపాకీ కాలానికి మచ్చలు లేకపోలేదు. 1844 జూన్‌లో ఐస్‌లాండ్ పక్కన ఎల్డే అనే రాతి దీవిలో రెండు గ్రేట్ ఆక్ పక్షుల్ని చంపారు. రూఢిగా తెలిసిన చివరి జంట అదే. అప్పటికే నావికులు తిండికీ ఈకలకూ శతాబ్దాలుగా వాటిని ఊచకోత కోసి ఉన్నారు. పక్షి అరుదయ్యేకొద్దీ దాని చర్మం ధర పెరిగింది, ఆ ధర కోసమే చివరి జంట పోయింది. ఆ జంట లోపలి అవయవాలు కోపెన్‌హాగెన్‌లో సారాయి సీసాల్లో ఉన్నాయి. వాటిలో మగపక్షి చర్మం బ్రస్సెల్స్ మ్యూజియంలో ఉన్నదేనని 2017లో డీఎన్ఏ పోల్చి తేల్చారు. ఇంకొకటి: 1900 డిసెంబరు 1న మెక్సికోకు చెందిన గ్వాడలూప్ దీవిలో రోలో బెక్ అనే సేకర్త ఎదురుగా పదకొండు కారకారా డేగలు ఎగిరి వచ్చాయి. వాటిలో తొమ్మిదింటిని అతను కాల్చాడు. మనిషిని చూసి బెదరని పక్షి కాబట్టి ఇక్కడ బోలెడన్ని ఉంటాయని అతని లెక్క. తర్వాత ఆ పక్షిని రూఢిగా చూసినవారు లేరు. మేకలకు ముప్పని కాపరులు అంతకుముందే విషం పెట్టి వాటిని దాదాపు తుడిచిపెట్టారన్నది నిజం. ముగింపు మాత్రం శాస్త్రం పేరు మీద జరిగింది.

సొరుగులు చెప్పిన సాక్ష్యం

ఇంత మచ్చ ఉన్నా సేకరణను సమర్థించేవారు తలదించుకోకపోవడానికి కారణం, ఆ సొరుగుల్లోంచి వచ్చిన సాక్ష్యాల బలం. వాటిలో అన్నిటికన్నా పేరు పడింది గుడ్డు పెంకుల కథ. బ్రిటన్‌లో పెరిగ్రిన్ డేగల గూళ్లలో గుడ్లు చితికిపోతున్నాయని గమనించిన డెరెక్ రాట్‌క్లిఫ్, పాత గుడ్ల సేకరణలన్నీ వెతికి పెంకుల్ని తూచి, కొలిచి చూశాడు. 1947 నుంచి పెంకు ఉన్నట్టుండి పలచబడింది. మందంలో దాదాపు ఐదో వంతు తగ్గింది. డీడీటీ పొలాల్లోకి వచ్చిన కాలానికి అది అచ్చంగా సరిపోయింది. 1967లో ఆయన ఈ సంగతి ప్రకటించాక అమెరికాలోనూ అదే పోలిక దొరికింది. 1972లో అక్కడ డీడీటీ వాడకంపై నిషేధం వచ్చింది. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. ఆ గుడ్లలో చాలా భాగం సరదాకు గూళ్లు దోచిన వాళ్లు పోగేసినవి. ఆ పనిని 1954 చట్టం అక్కడ నేరంగా మార్చింది. నేరమైన అలవాటే డేగను కాపాడిన సాక్ష్యాన్ని అందించింది. అందువల్ల ఆ అలవాటు ఒప్పయిపోదు. సేకరించినవాడి ఉద్దేశం, సేకరణకు చివరికి దొరికిన ఉపయోగం వేర్వేరు దారుల్లో నడుస్తాయని మాత్రం దీనివల్ల తెలుస్తుంది.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. 1917లో అలాస్కాలో పట్టి స్మిత్సోనియన్‌లో ఆల్కహాల్‌లో ఉంచిన బ్రాంట్ బాతు శరీరంలోంచి ఫ్లూ వైరస్ ముక్కల్ని బయటికి తీసి, 1918 మహమ్మారి పుట్టుక గురించి వాదించుకుంటున్నవారి ముందు పెట్టారు. షికాగో ఫీల్డ్ మ్యూజియం తదితర చోట్ల ఉన్న వెయ్యికి పైగా పక్షుల పొట్ట ఈకల మీద పేరుకున్న మసిని 2017లో కొలిచి, 135 ఏళ్లలో అమెరికా పారిశ్రామిక ప్రాంతపు గాలి ఎంత మురికిపట్టిందో, చట్టాలొచ్చాక ఎంత తేటపడిందో పటం గీశారు. ఆ పక్షుల్ని చంపినవాళ్లలో ఎవరికీ మసి మీద ధ్యాస లేదు. కాలిఫోర్నియాలో బర్కిలీ మ్యూజియం తొలి డైరెక్టర్ జోసెఫ్ గ్రిన్నెల్ 1910లోనే ఈ సంగతి ఊహించాడు: తమ సేకరణ అసలు విలువ బహుశా వందేళ్లకు గానీ తెలియదని. ఆయన 1914, 1920 మధ్య యోసెమిటీలో సేకరించిన చిన్న క్షీరదాల రికార్డులు పట్టుకుని ఈ శతాబ్దంలో మళ్లీ అవే చోట్లకు వెళ్లి చూస్తే, పరిశీలించిన 28 జాతుల్లో సగం సగటున 500 మీటర్ల మేర కొండ పైకి జరిగాయని తేలింది. ఆ పోలికకు ఆధారం చచ్చిన ఎలుక కన్నా ఎక్కువగా గ్రిన్నెల్ పట్టుబట్టి రాయించిన నోటు పుస్తకాలు. ఎన్ని బోన్లు పెట్టారు, ఎన్ని రాత్రులు పెట్టారు, ఎన్ని ఖాళీగా తిరిగొచ్చాయి అన్నది కూడా వాటిలో ఉంది.

2014: వాదం వీధిన పడింది

2014 ఏప్రిల్‌లో సైన్స్ పత్రికలో బెన్ మింటీర్, జేమ్స్ కాలిన్స్, మరో ఇద్దరు ఒక చిన్న వ్యాసం రాశారు. అంతరించిందనుకున్న జాతి మళ్లీ కనబడినప్పుడు శాస్త్రవేత్త చేసే మొదటి పని దాన్ని చంపడమే అయితే, మనమే దాన్ని రెండోసారి అంతరింపజేసే ప్రమాదం ఉందన్నది వాళ్ల మాట. నాణ్యమైన ఫొటోలు, కూత రికార్డింగ్, చర్మం మీద దూది రుద్ది తీసే డీఎన్ఏ, వీటన్నిటినీ కలిపితే చాలా సందర్భాల్లో ప్రాణం తీయాల్సిన పని ఉండదని వాదించారు. నెల దాటిన కొద్ది రోజులకే వందమందికి పైగా శాస్త్రవేత్తలు సంతకాలు చేసి జవాబిచ్చారు. సేకరణ వల్ల జాతులు అంతరించాయనడానికి చూపిన ఉదాహరణలు బలహీనమని, వాటిలో అసలు కారణాలు వేటాడటం, విషం, అడవి నరకడం అని, నమూనా లేకపోతే భవిష్యత్తు ప్రశ్నలకు జవాబు ఉండదని వారి వాదం.

నిజానికి ఈ ఇరుపక్షాలు ఒకే ప్రశ్న మీద నిలబడి మాట్లాడుకోలేదు. మింటీర్ పక్షం మాట్లాడింది పిడికెడు మిగిలిన జాతుల గురించి. జవాబు చెప్పినవారు మాట్లాడింది సేకరణ అనే మొత్తం సంప్రదాయం గురించి. మొదటివారు అడిగింది 'ఈ ఒక్కదాన్ని వదిలేయలేరా?' అని. రెండోవారికి వినబడింది 'మీ వృత్తి మానేయండి' అని. వీరిద్దరికీ దూరంగా మూడో పక్షం ఒకటుంది. వారికి జాతి లెక్క అక్కర్లేదు. వలలో చిక్కిన ఆ ఒక్క ప్రాణికి తన బతుకు తనకుందని, వేలల్లో ఒకటి కావడం దాన్ని చంపడానికి అనుమతి కాదని వారి నిలకడైన మాట. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, మొదటిది జాగ్రత్త గురించి, రెండోది జ్ఞానం గురించి, మూడోది హక్కు గురించి మాట్లాడుతున్నాయి. మొదటి రెంటి మధ్య రాజీ సాధ్యం, చాలాచోట్ల అది చడీచప్పుడు లేకుండా జరిగిపోయింది కూడా. మూడోదానితో సాక్ష్యాల ద్వారా రాజీ కుదరదు. అది సాక్ష్యం అడగడం లేదు.

అంకెల వాదన గురించి ఇక్కడే చెప్పుకోవాలి, సేకరణ సమర్థకులు దాన్ని మాటిమాటికీ ముందుకు తెస్తారు గనుక. అమెరికాలో పెంపుడు, వీధి పిల్లులు కలిపి ఏటా 130 కోట్ల నుంచి 400 కోట్ల పక్షుల్ని చంపుతున్నాయని 2013 నాటి అంచనా. భవనాల అద్దాలకు కొట్టుకుని 36 కోట్ల నుంచి దాదాపు 99 కోట్ల వరకు చనిపోతున్నాయని 2014 నాటి అంచనా. వీటి ముందు మ్యూజియాల సేకరణ సముద్రంలో కాకిరెట్ట. వాదన నిజమే, దాని హద్దు మాత్రం చిన్నది. మొత్తం పక్షులకు వర్తించే సగటు, ఒక దీవిలోనో ఒక కొండ వాగు పక్కనో మిగిలిన ఇరవై పక్షులకు వర్తించదు. గ్వాడలూప్‌లో రోలో బెక్ చేసిన పొరపాటు సరిగ్గా ఇదే. ఎదురుగా ఉన్న పదకొండే మొత్తం కావచ్చన్న ఆలోచన అతనికి రాలేదు.

ఫొటో చాలునా?

ప్రాణం తీయకుండా కొత్త జాతిని ప్రకటించవచ్చనడానికి మన దేశంలోనే మంచి ఉదాహరణ ఉంది. అరుణాచల్ ప్రదేశ్‌లోని ఈగల్‌నెస్ట్ అభయారణ్యంలో రమణ ఆత్రేయ 1995లో ఒక పక్షిని చూశారు. వృత్తిరీత్యా ఆయన ఖగోళ శాస్త్రవేత్త. పదేళ్లకు అది మళ్లీ కనబడింది. 2006లో వలలో పట్టి, ఫొటోలు తీసి, కొలతలు రాసుకుని, రాలిన ఈకలు దాచుకుని, పక్షుల్ని వదిలేశారు. అక్కడి బుగున్ తెగ పేరు మీద బుగున్ లియోసిక్లా అని పేరు పెట్టి అదే ఏడాది ప్రకటించారు. అప్పటికి ఆయనకు తెలిసిన పక్షులు మొత్తం 14. వాటిలో ఒకటి తీసినా ఆ జాతికి అపకారం జరగవచ్చన్నది ఆయన వివరణ. పక్షి శాస్త్రం ఆ వివరణను ఒప్పుకుంది, పేరు నిలిచింది.

అదే దారిలో నడిచిన ఇంకో పేరు నిలవలేదు. 1988లో సోమాలియాలోని బూలో బుర్టి ఊళ్లో ఆసుపత్రి ఆవరణలో వింత రంగుల శ్రైక్ పక్షి ఒకటి కనబడింది. దాన్ని పట్టి, రక్తమూ ఈకలూ తీసుకుని, పెంచి, 1990లో అడవిలో వదిలేశారు. 1991లో కొత్త జాతిగా ప్రకటించి, వదిలిపెట్టిన జ్ఞాపకంగా లాటిన్ పేరులో 'విముక్తం' అన్న మాట చేర్చారు. 2008లో డీఎన్ఏ పోలిక చూస్తే అది ముందే తెలిసిన జాతిలో ఒక రంగు తేడా మాత్రమే. సేకరణ సమర్థకులు ఈ కథను తరచూ ఎత్తి చూపుతారు. అయితే ఇది రెండువైపులా కోసే కత్తి. తప్పు దొర్లింది నమూనా లేనందుకైతే, తప్పు దిద్దింది కూడా నమూనా లేకుండానే, ఆ రక్తమూ ఈకలతోనే. పైగా నమూనా ఉన్నా ఇదే తప్పు జరుగుతుంది. 1984లో లైబీరియాలో కాల్చిన ఒక్క పక్షి ఆధారంగా ప్రకటించిన లైబీరియన్ గ్రీన్‌బుల్ కోసం ఏళ్ల తరబడి వెతికారు. 2017లో దాని డీఎన్ఏ చూస్తే అదీ మామూలు జాతిలో రెక్కల మీద మచ్చలున్న ఒక పక్షే. ఒక్క ప్రాణి మీద కట్టిన జాతి, ఆ ప్రాణి బతికున్నా చచ్చినా, బలహీనమైనదే.

పురుగుల దగ్గరికి వస్తే లెక్క పూర్తిగా మారిపోతుంది. 2015లో దక్షిణాఫ్రికా ఈగ ఒకదాన్ని ఫొటోల ఆధారంగా మాత్రమే కొత్త జాతిగా ప్రకటించారు. దానిపై మరుసటి ఏడాది దాదాపు 500 మంది వర్గీకరణ శాస్త్రవేత్తలు సంతకాలతో నిరసన రాశారు. వారి గోడు అర్థం చేసుకోదగ్గదే. ఈగలు, పేడపురుగులు, సాలీళ్లలో దగ్గరి జాతుల్ని విడదీసే గుర్తులు చాలాసార్లు జననాంగాల ఆకారంలో ఉంటాయి. సూక్ష్మదర్శిని కింద కోసి చూస్తే తప్ప కనబడవు. ఎంత మంచి కెమెరా అయినా పై రూపమే చూపుతుంది. జంతువుల పేర్లకు సంబంధించిన అంతర్జాతీయ నియమావళి ఇలాంటి సందర్భాల్లో నమూనా లేకుండా ఎందుకు ప్రకటించారో కారణం చెప్పమని అడుగుతుంది గానీ, పూర్తిగా అడ్డుపడదు. పక్షికీ పురుగుకూ ఒకే కొలబద్ద పెట్టబోవడమే ఈ రగడలో సగానికి మూలం.

ఒక్కోసారి చావు దానంతటదే వచ్చి సాయపడుతుంది. టాంజానియాలో 2005లో ఫొటోల ఆధారంగా ప్రకటించిన కిపుంజి కోతిని మొదట ఒక ప్రజాతిలో చేర్చారు. ఆ తర్వాత ఒక రైతు ఉచ్చులో పడి చనిపోయిన పిల్ల కోతి దొరికింది. దాన్ని పరీక్షిస్తే అది ఏకంగా కొత్త ప్రజాతికి చెందిందని తేలి, 2006లో పేరు మారింది. ఫొటో తలుపు తెరిచింది, లోపల ఏముందో చూపింది మాత్రం శరీరమే. ఆ శరీరం కోసం ఎవరూ తుపాకీ ఎత్తలేదు.

కలివి కోడి, గుత్తి సాలీడు

తెలుగు నేల మీద ఈ ప్రశ్న ఎలా ఆడిందో చూడటానికి రెండు ప్రాణులు చాలు. కలివి కోడిని ఆర్మీ వైద్యుడు టి.సి. జెర్డాన్ సేకరించగా, 1848లో కలకత్తాలో ఎడ్వర్డ్ బ్లైత్ శాస్త్రానికి పరిచయం చేశాడు. 1871లో బ్లాన్‌ఫర్డ్ సిరోంచా, భద్రాచలం వైపు చూశాడు. 1900 ప్రాంతంలో అనంతపురం దగ్గర మరోసారి కనబడి, ఆపైన కనుమరుగైంది. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్లీ బయటపడింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ పక్షి బొమ్మ చూపిస్తూ ఊళ్లలో అడిగి తిరిగిన ఫలితమది. అడవి ఎరిగిన స్థానికుడొకరు రాత్రిపూట దాన్ని ప్రాణాలతో పట్టి తెచ్చారు. ఆ పక్షి కొద్ది కాలానికే చనిపోయి నమూనాగా మారింది. చంపాలని ఎవరూ అనుకోలేదు. మింటీర్ భయపడింది ఇలాంటి సందర్భం గురించే, అదీ ఆయన రాయడానికి 28 ఏళ్ల ముందు.

ఆ తర్వాత ఈ పక్షి మీద జరిగిన పరిశోధన ప్రాణం తీయని పద్ధతులకు పాఠ్యపుస్తకంలా నడిచింది. పొదల మధ్య సన్నటి ఇసుక పరిచి పొద్దున్నే అడుగుల గుర్తులు చూశారు. కెమెరా ఉచ్చులు పెట్టారు. సంధ్యవేళ కూత వినిపించి బదులు కోసం చెవులు రిక్కించారు. తెలుగుగంగ కాలువ దారి మార్చాల్సి వచ్చినప్పుడు వాదనకు బలమైంది ఈ సాక్ష్యాలే. 2008 తర్వాత దాని జాడ రూఢిగా దొరకని కాలం చాలా గడిచి, 2025 ఆగస్టులో పక్షి పరిశీలకుల బృందం దాని కూతను రికార్డు చేసింది. ఇక్కడ ఫొటో కూడా లేదు. ఉన్నదల్లా చీకట్లో ఒక శబ్దం. ఆ శబ్దం ఆ పక్షిదేనని చెప్పగలగడం పాతికేళ్ల కిందట ఇదే నేల మీద జరిగిన పరిశోధన పుణ్యమే.

ఇక సొరుగు కూడా ఊరుకోలేదు. 2013లో స్కాట్లండ్‌లోని ఆబర్డీన్ విశ్వవిద్యాలయ జంతుశాస్త్ర మ్యూజియంలో ఒక పాత గుడ్డు కంటబడింది. 1917లో కోలార్ బంగారు గనుల దగ్గర పనిచేసిన పశువైద్యుడొకరు సేకరించిన గుడ్డది. దాని డీఎన్ఏను పాత కలివి కోడి చర్మాల డీఎన్ఏతో పోల్చి, అది కలివి కోడి గుడ్డేనని నిర్ధారించారు. ఆ పక్షిది మనకు తెలిసిన గుడ్డు అదొక్కటే. గూడు ఎలా ఉంటుందో ఎవరూ చూడని పక్షి గుడ్డు ఒక యూనివర్సిటీ పెట్టెలో దాదాపు శతాబ్దం పాటు పడి ఉంది. కోలార్ వైపు కూడా ఒకప్పుడు అది ఉండేదని ఆ గుడ్డు చెప్పింది. ఇప్పుడు వెతకాల్సిన జాగా పటం మీద పెరిగింది. ఎవరైనా కొత్తగా ఒక కలివి కోడిని చంపి ఉంటే ఈ సంగతి తెలిసేది కాదు. ఉన్నదాన్ని తెరిచి చూసినందువల్ల తెలిసింది.

గుత్తి సాలీడుది చీటీ కథ. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఆర్.ఐ. పోకాక్ 1899లో ఒక్క నమూనా ఆధారంగా ఈ మెరిసే నీలి సాలీడుకు పేరు పెట్టాడు. దొరికిన చోటు గుత్తి రైల్వే కలప యార్డు. చీటీ అబద్ధం చెప్పలేదు, పూర్తి నిజమూ చెప్పలేదు. సాలీడు పుట్టింది యార్డులో కాదు. ఎక్కడో నరికిన దుంగతో పాటు అది రైలెక్కి వచ్చి ఉండాలి. నూరేళ్లకు, 2001లో, నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో అది మళ్లీ కనబడింది. ఈలోగా ప్రపంచమంతా దాన్ని గుత్తి పేరుతోనే పిలిచింది, ఇప్పటికీ పిలుస్తోంది. అడవిలో దాని నివాసం చిన్నది, అంతర్జాతీయ జాబితాలో అది తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతి. విదేశాల్లో సాలీళ్లు పెంచే సరదా ఉన్నవారికి మాత్రం అది మోజు. ఇక్కడ చోటు సరిగ్గా రాయడం శాస్త్రానికి మేలు, దొంగకు కూడా మేలు.

దాచలేని చేతుల్లో

సేకరణ పక్షం బలమంతా పాత నమూనాల విలువ మీద నిలబడింది. ఆ బలాన్ని ఒప్పుకున్నవారు తర్వాతి ప్రశ్న అడగక తప్పదు: నమూనా ఆ విలువ నిలుపుకోవాలంటే ఏం కావాలి? చీటీ నమ్మదగినదై ఉండాలి, పురుగు పట్టకూడదు, నిప్పంటుకోకూడదు, అడిగినవారికి తెరిచి చూపాలి. ఈ నాలుగూ తప్పిన సందర్భాలు చరిత్ర నిండా ఉన్నాయి. హ్యూమ్ సేకరణలో వేలాది చర్మాల్ని లండన్ వెళ్లకముందే పురుగులు తినేశాయి. ఢిల్లీలో 1978లో ప్రారంభమైన నేషనల్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ సొంత భవనం లేకుండానే ఏళ్లు గడిపి, 2016 ఏప్రిల్ 26న మంటల్లో కాలిపోయింది. రెండేళ్లకు, 2018 సెప్టెంబరు 2న, రియో డి జనీరోలోని బ్రెజిల్ జాతీయ మ్యూజియం తగలబడింది. అక్కడ సుమారు 2 కోట్ల వస్తువులుండేవి. చంపి దాచిన ప్రాణి కాలిపోతే దాని చావుకు మిగిలిన సమర్థన కూడా కాలిపోతుంది.

చీటీ దొంగదైతే నష్టం ఇంకా లోతు. మధ్య భారతంలోని ఫారెస్ట్ ఔలెట్ అనే చిన్న గుడ్లగూబను 1884 తర్వాత ఎవరూ సేకరించలేదు. రిచర్డ్ మైనర్ట్‌జాగెన్ అనే సైనికాధికారి మాత్రం 1914లో గుజరాత్‌లో పట్టానని ఒక చర్మం చూపించాడు. పమేలా రాస్ముసెన్, నైజెల్ కాలర్ దాన్ని విప్పి చూసి, జేమ్స్ డేవిడ్సన్ ఎప్పుడో సేకరించిన మ్యూజియం పక్షినే దొంగిలించి, మళ్లీ కూరి, కొత్త చీటీ కట్టాడని నిరూపించారు. ఆ అబద్ధపు చీటీని నమ్మి పక్షి లేని చోట వెతికినవారున్నారు. అసలు చీటీలను నమ్మి వెళ్లిన రాస్ముసెన్ బృందానికి 1997 నవంబరులో మహారాష్ట్ర షహాదా దగ్గర అది పట్టపగలు కొమ్మ మీద కనబడింది. సేకరణ వల్ల మేలా, కీడా అని అడిగేవారికి ఈ ఒక్క పక్షి రెండు జవాబులూ ఇస్తుంది.

ఇంకో అభ్యంతరానికి సూటిగా బదులు చెప్పాలి. ఉన్న నమూనాలనే ఎవరూ చూడటం లేదు, కొత్తవి ఎందుకు? ఈ ప్రశ్నకు ఆధారం ఉంది. ఒక ప్రాణిని సేకరించడానికీ, దాన్ని కొత్త జాతిగా ప్రకటించడానికీ మధ్య సగటున 21 ఏళ్లు పడుతున్నాయని 2012లో లెక్క తేల్చారు. ఉష్ణమండల మొక్కల నమూనాల్లో సగానికి పైగా తప్పు పేర్లతో ఉన్నాయని 2015 అధ్యయనం చూపింది. దక్షిణ అమెరికా ఒలింగీటోను 2013లో ప్రకటించడానికి మూలం, వేరే జంతువు పేరుతో ఫీల్డ్ మ్యూజియంలో దశాబ్దాలుగా పడి ఉన్న చర్మాలూ పుర్రెలూ. వీటిని బట్టి కొత్త సేకరణ ఆపాలన్న తీర్మానం రాదు. 1917 బాతు నేటి వైరస్ గురించి చెప్పదు, నిన్నటి పెంకు నేటి పురుగుమందు గురించి చెప్పదు. రావాల్సిన తీర్మానం వేరు: చూసే మనుషులకు జీతం ఇవ్వకుండా, సొరుగులు తెరిచే జాబితాలు తయారు చేయకుండా కొత్త పెట్టెలు నింపడం సేకరణ సమర్థకుల వాదాన్నే బోలుగా మారుస్తుంది. వర్గీకరణ నిపుణుడి ఖాళీ పోస్టు నింపకుండా సేకరణ అనుమతి అడిగే సంస్థ, బావి తవ్వకుండా చేద కొనుక్కున్నట్టే.

తేలనివి

అరుదైన పక్షులు, క్షీరదాల విషయంలో ఆచరణ దాదాపు ఒక దారికి వచ్చింది. సంఖ్య తెలియనప్పుడు ముట్టుకోరు, రక్తమో ఈకో చాలంటారు, చచ్చింది దొరికితే వదలరు. పురుగుల విషయంలో నమూనా తప్పదన్నది కూడా దాదాపు స్థిరపడింది. మధ్యలో ఉన్న కప్పలు, తొండలు, చేపల దగ్గరే గీత ఎక్కడ గీయాలో తేలలేదు. ఒకటి చాలా, పదీ పదిహేను కావాలా అన్నది ఇంకా పెద్ద చిక్కు. ఒకే ప్రాణి మీద కట్టిన జాతి బలహీనమని గ్రీన్‌బుల్ కథ చెబుతోంది. అరుదైనదాన్ని పదిహేను తీయడం ఎవరూ సమర్థించరు.

ఎవరిది అన్న ప్రశ్న అంతకన్నా మొండిది. కలివి కోడి పాత చర్మాలు, గుత్తి సాలీడు మూల నమూనా, హ్యూమ్ పక్షులు మన దేశంలో లేవు. 1992 నాటి జీవవైవిధ్య ఒడంబడిక తర్వాత సేకరించినవాటి మీద దేశాల హక్కు స్పష్టం. 2002 నాటి మన జీవవైవిధ్య చట్టం కొత్త జాతి నమూనాను దేశంలోని నిర్దేశిత నిలయంలో ఉంచి తీరాలంటుంది. వలసపాలనలో వెళ్లినవాటి గురించి ఆ చట్టం ఏమీ చెప్పదు. తిరిగి ఇవ్వమని అడగడం న్యాయమే. ఎక్కడ దాస్తాం అన్నదానికి 2016 మంటల తర్వాత మన దగ్గర గట్టి జవాబు ఉందా అన్నది కూడా న్యాయమైన ప్రశ్నే. ఈ మాట వలసవాదుల నోట వస్తే సాకులా వినబడుతుంది, అందుకే మనమే ముందు అడుగుకోవడం మంచిది.

చివరికి, దారి చూపే అవకాశం ఉన్నా ఎవరూ పెద్దగా పట్టించుకోని అంశం ఒకటుంది. నల్లమల మీదుగా పోయే రోడ్ల మీద, విద్యుత్ తీగల కింద, నగరాల్లోని అద్దాల భవనాల పాదాల దగ్గర ప్రాణులు రోజూ చచ్చిపడుతూనే ఉన్నాయి. ఎవరూ చంపనక్కర్లేని నమూనాలవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 39వ సెక్షన్ ప్రకారం చట్టం రక్షించే జంతువు చచ్చి దొరికినా అది ప్రభుత్వ ఆస్తి. అనుమతి లేకుండా జీవశాస్త్ర విద్యార్థి రోడ్డు మీది కళేబరాన్ని సంచిలో వేసుకెళ్తే నేరం. వేటగాళ్లు సాకు చూపకుండా ఆ నియమం పెట్టారు, దాని అవసరం ఇప్పటికీ ఉంది. కానీ ఏ జిల్లాలో దొరికినదాన్ని ఏ కళాశాలకో మ్యూజియానికో ఎన్ని గంటల్లో చేర్చాలి, చీటీ ఎవరు రాయాలి, ఫ్రీజర్ ఖర్చు ఎవరిది అన్నదానికి స్థిరమైన ఏర్పాటు లేదు. ఎండలో కళేబరం నిలిచేది కొన్ని గంటలే, అనుమతి కాగితానికి పట్టేది అంతకన్నా చాలా ఎక్కువ.